అరచెయ్యి చెప్పిన మాట

ఆ రేవులో పడవ ఇంజను వేడెక్కిందంటే అందరి నోటా వచ్చే మాట ఒకటే: "అరచెయ్యి మేస్త్రిని పిలవండి." ఆయనకి అసలు పేరు ఒకటి ఉండేది గానీ, అది ఆస్పత్రి చీటీల మీద తప్ప ఎక్కడా వాడుకలో లేదు. మనిషి పొట్టి, మెడ లావు, కోపం ఎప్పుడూ ముక్కు మీదే. ఎవరైనా సైజు తప్పిన పానా అందిస్తే దాన్ని నేలకేసి కొట్టి, మళ్ళీ తనే వంగి తీసుకునేవాడు. ముప్పై నాలుగేళ్ళుగా అదే షెడ్డు, అదే నూనె మరకల నేల, ఒక కాలు పొట్టిదైన అదే స్టూలు.

ఆయన గొప్పతనం అర్థం కావాలంటే ఆ ఇంజను సంగతి కొంచెం చెప్పుకోవాలి. ఆ పడవలకి ఇంజను లోపల ఉంటుంది, దాని కాలు మాత్రం వెనక గోడ దాటి నీళ్ళలోకి దిగి ఉంటుంది. ఆ కాలికి రెండు పక్కలా చిల్లులుంటాయి. వాటిలోంచి బయటి నీళ్ళని పైకి లాగి, ఇంజను ఒళ్ళంతా తిప్పి, వేడెక్కిన నీళ్ళని పొగతో పాటు మళ్ళీ బయటికి నెట్టేస్తుంది. లాగే పని ఒక రబ్బరు రెక్కల చక్రానిది, దాన్ని ఇంపెల్లరు అంటారు. దారిలో ఎక్కడైనా నాచు పేరుకున్నా, రెక్క విరిగినా, గొట్టం చెడినా నీళ్ళు తగ్గిపోయి ఇంజను కాగిపోతుంది. ఎక్కడ తగ్గిందో కనుక్కోవడమే అసలు పని, మిగతాదంతా విప్పడం, బిగించడం.

మేస్త్రి అది అరచేత్తో కనుక్కునేవాడు. ఇంజనుకి పొగ పోయే చోట రెండు వైపులా రెండు ఇనప మోచేతులుంటాయి. ఒకదాని మీద చెయ్యి ఆనించి మూడు లెక్కపెట్టేవాడు, రెండోదాని మీద మూడు. "ఎడమ పక్క సగమే వస్తున్నాయి, విప్పండి" అనేవాడు. విప్పితే సగమే వస్తుండేవి. అంతకంటే పెద్ద విద్య ఇంకోటి ఉంది. నీళ్ళు లాగే గొట్టాన్ని పిడికిట్లో పట్టుకుని ఇంజను వేగం పెంచమనేవాడు. మంచి గొట్టమైతే బిర్రుగా నిలబడుతుంది. పాతదైతే లోపలి పొర ఊడి, లాగుడికి ముడుచుకుపోయి, నీళ్ళ దారి మూసేస్తుంది. పైకి మాత్రం కొత్త పెళ్ళికొడుకులా నిగనిగలాడుతూ ఉంటుంది. ఆ ముడుచుకోవడం కంటికి కనపడదు, మేస్త్రి పిడికిలికి తెలిసేది.

ఒడ్డు మీద ఉన్న పడవని పరీక్షించాలంటే కాలికి రెండు పక్కలా రబ్బరు కప్పులు తగిలించి, కుళాయి గొట్టం కలిపి ఇంజను నడుపుతారు. షెడ్డులో వాటిని చెవికప్పులు అనేవారు. ఇందులో ఒక మోసం ఉంది. కుళాయి నీళ్ళు వాటంతటవే తోసుకుని లోపలికి వస్తాయి, ఇంజను కష్టపడి లాగక్కర్లేదు. అంచేత చెడ్డ గొట్టం కూడా ఒడ్డున చూసేవాళ్ళకి బుద్ధిమంతుడిలా ఉంటుంది, లోపలి పొర పిసరంత కదలడం ఒక్క మేస్త్రి పిడికిలికే అందుతుంది. రేవు దాటి వేగం అందుకున్నాక గానీ దాని అసలు రంగు బయటపడదు. ఈ సంగతి షెడ్డులో అందరికీ తెలుసు. తెలిసీ పడవని నీళ్ళలో దింపి మళ్ళీ పరీక్షించే అలవాటు అక్కడ లేదు, ఎందుకంటే మేస్త్రి పిడికిలి ఉంది. ఆయన పిడికిలి వదిలి "పంపించు" అన్నాడంటే ఇక దానికి తిరుగులేదు. షెడ్డు పెట్టిన పెద్దాయన బతికున్న రోజుల్లోనే బోర్డు మీద పేరు పక్కన ఎర్ర రంగుతో ఒక అరచెయ్యి వేయించాడు. ఆ తర్వాత కూతురు యజమానురాలైంది. ఆమె బోర్డుకి రెండుసార్లు రంగు మార్చింది గానీ చేతిని ముట్టుకోలేదు.

షెడ్డులో మేస్త్రికి ఎదురు చెప్పగలిగిన మనిషి ఒకడే, సొంత బావమరిది. అక్క పెళ్ళినాటికి తల్లి లేని పన్నెండేళ్ళవాడు. అక్కతో పాటే ఆ ఇంటికొచ్చి, ఇంకో నాలుగేళ్ళకి షెడ్డుకొచ్చి, ఇప్పుడు నలభై ఒకటి దాటాడు. అందరూ చిన్న మేస్త్రి అంటారు. బావకి పిల్లల్లేరు, ఇతనికి పెళ్ళి కుదరలేదు. ముగ్గురూ ఒకే ఇంట్లో, ఒకే మేకుకి మూడు తువ్వాళ్ళు తగిలించుకుని బతికేవారు. చిన్న మేస్త్రికి చేతిలో బావకున్న విద్య లేదు. ఆ సంగతి అతనికి తెలుసు. అందుకని ప్రతిదీ లెక్కపెట్టేవాడు.

ఒకసారి విప్పిన ఇంపెల్లరుకి ఆరు రెక్కలుండాల్సింది ఐదే ఉన్నాయి. కొత్తది బిగించి పంపేస్తే అయిపోయేది. ఇతను నాలుగు గంటలు కింద పడి, ఒక్కో గొట్టం విప్పి ఊదుతూ కూర్చున్నాడు.

"ఏరా, బంగారమేమైనా పారేసుకున్నావా?" అన్నాడు మేస్త్రి స్టూలు మీంచి.

"రెక్క ముక్క బావా. ఎక్కడో లోపల కూర్చుంది."

"కూర్చుంటే కూర్చోనీరా, నీ సొమ్మేం పోయింది?"

"కూర్చున్నచోట నీళ్ళకి అడ్డం పడుతుంది బావా. నీలాగే, లేవమంటే లేవదు."

షెడ్డంతా గొల్లుమంది. మేస్త్రి కూడా నవ్వాడు. చివరికి నూనె చల్లబరిచే డబ్బా మూతిలో వేలి గోరంత రబ్బరు ముక్క దొరికింది. చిన్న మేస్త్రి దాన్ని తెచ్చి బావ మోకాలి మీద పెట్టి వెళ్ళిపోయాడు.

బాగుచేసిన పడవని నీళ్ళలోకి దింపి, రేవు స్తంభానికి కట్టి వచ్చే పని అతనిదే. పది నిమిషాల పనికి తర్వాత్తర్వాత గంటంబావు పట్టేది. "పడవని స్తంభానికి కడుతున్నాడా, స్తంభాన్నే పాతుతున్నాడా?" అని మేస్త్రి విసుక్కునేవాడు.

మేస్త్రికి చక్కెర జబ్బు వచ్చి అప్పటికి ఏడెనిమిదేళ్ళు. మాత్రలు గుర్తుంటే వేసుకునేవాడు, లేకపోతే లేదు. ఒక రోజు పొద్దున వంటింట్లో పొయ్యి మీద పొంగబోతున్న పాలగిన్నె మూత చేత్తో తీసి, అది పట్టుకునే భార్యతో మాట్లాడుతున్నాడు. నీళ్ళ ట్యాంకు కడిగించాలని, మనిషిని పిలిచావా అని, ఇలా ఏదో. ఆవిడ "ఏమండీ, చెయ్యి!" అని కేక పెట్టి మూత లాగేసింది. వేళ్ళ కింద చర్మం తెల్లగా ఉబ్బి ఉంది. మేస్త్రి దాన్ని ఎవరిదో చెయ్యి అన్నట్టు చూశాడు. ఆ తర్వాత గుండుసూదితో పొడిచి చూసుకున్నాడు. మంచుగడ్డ పట్టుకున్నాడు. వేడి అన్నం పళ్ళెం కింద చెయ్యి పెట్టాడు. అన్నీ ఒకటే అయ్యాయి. నరాలు పోయాయని, పోయినవి ఇక రావని డాక్టరు చల్లగా చెప్పాడు.

"మీ తమ్ముడికి కూడా చెప్పకు" అన్నాడు భార్యతో.

"వాడికి చెప్తే ఏమండీ? వాడే చూసుకుంటాడు కదా."

"వాడు చూసుకుంటే మరి నేనెవర్ని?"

ఆవిడ ఆస్పత్రి చీటీ మడిచి బియ్యం డబ్బా అడుగున దాచింది.

ఇక అక్కణ్ణుంచి నటన మొదలైంది. మేస్త్రి ఇంజను మోచేతి మీద చెయ్యి ఆనించి, మూడు లెక్కపెట్టి, కళ్ళు సగం మూసేవాడు. ఇంజను చప్పుడు బట్టి, వెనక వచ్చే నీళ్ళ రంగు బట్టి, ఆవిరి బట్టి ఏదో ఒకటి ఊహించేవాడు. గొట్టం పట్టుకుని తల ఆడించేవాడు. మొదట్లో పడవ వెళ్ళిన ప్రతిసారీ ఎప్పుడు వెనక్కొస్తుందోనని రేవు వైపే చూస్తుండేవాడు. ఏడాది గడిచింది, ఒక్క పడవ కూడా ఫిర్యాదుతో తిరిగి రాలేదు. దాంతో ధైర్యం వచ్చింది. చెయ్యి పోతే పోయింది, విద్య ఒంట్లో ఇంకి ఉంది అనుకున్నాడు. పొగరు కూడా మునుపటికంటే ఒక పిసరు పెరిగింది.

అప్పుడొచ్చింది పళ్ళ డాక్టరు పడవ. వేగం పెంచితే వేడి చూపించే ముల్లు పైకి పాకుతోందని ఫిర్యాదు. చిన్న మేస్త్రి ఇంపెల్లరు మార్చాడు. మార్చి, నీళ్ళు లాగే గొట్టాన్ని వేళ్ళతో నొక్కి చూశాడు.

"బావా, ఈ గొట్టం నాకు నచ్చలేదు. మెత్తబడింది. మార్చేద్దాం."

"నా పిడికిట్లో పడ్డాక చెప్తాను దాని జాతకం. నీకెందుకు తొందర?"

శుక్రవారం పొద్దున మేస్త్రి భార్యకి కంటి ఆస్పత్రిలో చూపించుకోవాల్సి ఉంది. కంట్లో మందు వేస్తే ఒంటరిగా తిరిగి రాలేదు. "నువ్వు తీసుకెళ్ళు, ఇక్కడ నేను చూసుకుంటా" అన్నాడు మేస్త్రి బావమరిదితో.

"పడవ రేపు దింపుదాం బావా, నేనొచ్చాక."

"డాక్టరు ఇవాళే కావాలన్నాడు. నువ్వు లేకపోతే షెడ్డు మూతపడుతుందా?"

చిన్న మేస్త్రి ఇంకా ఏదో అనబోయాడు. బావ మొహం చూసి, అక్కని తీసుకుని వెళ్ళిపోయాడు.

మేస్త్రి చెవికప్పులు తగిలించమన్నాడు. కుళాయి తిప్పారు. ఇంజను పలికింది. ఆయన గొట్టాన్ని పిడికిట్లో పట్టుకుని వేగం పెంచమన్నాడు. షెడ్డులో పనివాళ్ళు ఐదుగురూ పని ఆపి అలవాటుగా అటు చూశారు. ఆ పిడికిట్లో గొట్టం లోపలి పొర ముడుచుకుంటూ విచ్చుకుంటూ ఉండే ఉంటుంది. ఆయనకి మాత్రం అందులో గొట్టం ఉన్నట్టు కూడా తెలియలేదు. "బిర్రుగా ఉంది. పంపించు" అన్నాడు. వాళ్ళలో రంగులేసే అతను పడవని దింపి, పది నిమిషాల్లో స్తంభానికి కట్టేసి వచ్చాడు.

ఆదివారం డాక్టరు భార్యనీ అత్తగారినీ ఎక్కించుకుని అవతలి ఒడ్డుకి బయల్దేరాడు. సగం దూరంలో అలారం మోగింది. డాక్టరు దాన్ని ఫోనేమో అనుకుని జేబులు తడుముకున్నాడట. ఆ తడుముకునేలోపు పొగ వచ్చింది. నీళ్ళు అందక పొగ గొట్టాల రబ్బరు కాలిపోయింది, ఇంజను బిగుసుకుపోయింది, కాలిన రబ్బరు చోట నుంచి బయటి నీళ్ళు లోపలికి రావడం మొదలెట్టాయి. చేపల పడవ వాళ్ళు చూసి వచ్చారు. అందులోకి దూకబోయి అత్తగారు పడింది, మణికట్టు విరిగింది. ప్రాణాలు దక్కాయి. పడవని తాళ్ళేసి లాక్కొచ్చేసరికి దాని వెనక సగం నీళ్ళలోనే ఉంది.

సోమవారం షెడ్డులో పంచాయితీ. డాక్టరు, యజమానురాలు, పనివాళ్ళు ఐదుగురు, మేస్త్రి, చిన్న మేస్త్రి. గొట్టాన్ని నిలువునా కోసి బల్ల మీద పరిచారు. లోపలి పొర ఊడి, మడతపడి, దారికి అడ్డంగా పడుకుని ఉంది. ఎవరూ ఏమీ వివరించాల్సిన అవసరం లేకపోయింది.

"ఇది ఎవరు చూశారు?" అన్నాడు డాక్టరు.

అందరూ మేస్త్రి వైపు చూశారు. ఆ చూపుల్లో అనుమానం లేదు, ఆయన ఏం చెప్తాడా అని ఎదురుచూడటమే ఉంది. మేస్త్రి ఒక్క క్షణం తన చేతిని చూసుకున్నాడు. తర్వాత గొట్టం చివర తీసుకుని, క్లిప్పు ఉండే చోట ఒక గీత చూపించాడు.

"నేను పట్టుకున్నప్పుడు బిర్రుగానే ఉందండి. ఇదిగో, ఇంపెల్లరు వేసేటప్పుడు పానాతో పెకలించారు. లోపలి పొర ఇక్కడ చిరిగింది. ఒడ్డున తెలియదు. వేగం అందుకున్నాక ఊడింది."

"ఇంపెల్లరు వేసిందెవరు?"

"మా బావమరిదేనండి."

ముప్పై నాలుగేళ్ళ పనితనం ఉంటే తప్ప చెప్పలేని అబద్ధం అది. గీత నిజంగానే ఉంది. అలాంటి గీత ఏ పాత గొట్టం మీదైనా ఉంటుంది. చిన్న మేస్త్రి బావ మొహంలోకి చూశాడు. తిట్టలేదు, ఆశ్చర్యపోలేదు. ఇంకొక మాట ఏమైనా వస్తుందేమోనని కాసేపు ఆగాడు. రాలేదు.

"అవునండి. ఇంపెల్లరు నేనే వేశాను" అన్నాడు.

"రేపట్నుంచి రావద్దు" అంది యజమానురాలు, బల్ల మీది గొట్టాన్ని చూస్తూ. అతను పెట్టె తెరిచి షెడ్డు పానాలన్నీ ఒక్కొక్కటిగా తీసి బల్ల మీద పెట్టాడు. తన సొంతవి నాలుగు మాత్రం తీసుకుని వెళ్ళాడు. ఆ సాయంత్రం ఇంటికి కూడా రాలేదు. ఊరి అవతల ఎవరి గదిలోనో ఉంటున్నానని అక్కకి కబురు పంపాడు.

భార్య ఆ రోజు భోజనం వడ్డించింది గానీ ఎదురుగా కూర్చోలేదు. గుమ్మం దగ్గర నిలబడింది.

"మీకు తెలిసి వాడి చేతిలో పానా ఎప్పుడైనా జారిందా?"

"నలుగురి ముందూ ఏం చెప్పమంటావు?"

"నిజం."

"నిజం చెప్తే ఇద్దరం రోడ్డున పడతాం. వాడంటే కుర్రాడు, ఎక్కడైనా బతుకుతాడు."

"వాడికి నలభై రెండొస్తున్నాయండీ."

మేస్త్రి అన్నం కెలుకుతూ కూర్చున్నాడు. ఆవిడ ఏడవలేదు. ఏడ్చి ఉంటే ఆయన కసిరి ఉండేవాడు, కసిరితే కొంచెం తేలికపడేది కూడా. "మిమ్మల్ని అనడానికి నాకూ మొహం లేదు" అంది. "ఏడాది పాటు నేనూ నోరు కుట్టేసుకున్నాను. తల్లిలా పెంచానని ఊరంతా చెప్పుకుని, తీరా వాణ్ణి ముంచింది నేనే." తమ్ముడి తువ్వాలు మేకు మీంచి తీసి, ఉతికి, మడిచి లోపల పెట్టింది. అప్పట్నుంచి ఇంట్లో అవసరమైన మాటలే వినపడేవి.

మేస్త్రికి సిగ్గుండేది. అది లేదనడం అన్యాయం. కాకపోతే అది కదలడానికి నెల పట్టింది. ఆ నెలలో రెండు పడవలు వేడెక్కి తిరిగొచ్చాయి. మూడోది వచ్చిన రోజు ఆయన యజమానురాలి గదిలోకి వెళ్ళి, తలుపు దగ్గరగా వేసి, కూర్చోమనకుండానే కూర్చుని, అంతా చెప్పేశాడు. చెయ్యి సంగతి, పాలగిన్నె సంగతి, గొట్టం సంగతి, గీత సంగతి.

ఆమె విని కాసేపు కలం మూత తీస్తూ పెడుతూ కూర్చుంది.

"మీ చేతి సంగతి నాకు ఏడాది కిందటే తెలుసు మేస్త్రిగారూ."

"ఎవరు చెప్పారు?"

"మీ బావమరిది. మీరు ఒకసారి కాగిన మోచేతి మీద చెయ్యి పెట్టి తియ్యడం మర్చిపోయారట. తీసేసరికి చర్మం అంటుకుందట. మీరు చూసుకోలేదు, అతను చూశాడు. మర్నాడు నా దగ్గరికొచ్చి వేడి కొలిచే మీటరు ఒకటి కావాలన్నాడు. మీకు తెలియకూడదని నాతో మాట తీసుకున్నాడు. మీరు పంపించిన ప్రతి పడవనీ స్తంభానికి కట్టి, గేరు వేసి, నీళ్ళలో గంటసేపు నడిపి చూసేవాడు. ఆ ఏడాదిలో నాలుగు పడవలు వెనక్కి తెచ్చి, మీరు ఇంటికెళ్ళాక సరిచేశాడు."

మేస్త్రికి ఏడాది పాటు ఒక్క పడవా తిరిగి రాకపోవడం, తన ఒంట్లో ఇంకిన విద్య, పెరిగిన పొగరు, అన్నీ ఒక్కసారి కళ్ళ ముందు కదిలాయి. ఆ శుక్రవారం అతన్ని అక్కతో పంపింది ఎవరో కూడా గుర్తొచ్చింది. నేల చీలితే బాగుండుననిపించింది.

"అన్నీ తెలిసి వాణ్ణెందుకు పంపేశారమ్మా?"

"అందరి ముందూ చెప్పింది మీరు. డాక్టరు విన్నాడు. నేను కాదంటే బోర్డు మీదున్న చెయ్యి అబద్ధమని నా నోటితో నేనే చెప్పాలి. ఆ చేతిని చూసి వచ్చేవాళ్ళే ఈ షెడ్డుకి." ఆమె కలం మూత బిగించింది. "మీటరుతో చూసేవాణ్ణి ఇంకొకణ్ణి పెడతాను. మీరు చెయ్యి పెడుతూ ఉండండి, చాలు. ఇక్కడ చెప్పిన మాట బయట చెప్పకండి."

చిన్న మేస్త్రి నీళ్ళ మోటార్లు బాగుచేసే దుకాణంలో పని చేస్తున్నాడు. బస్సుల అడ్డా వెనక సందు, ఒక మనిషి అడ్డంగా పడుకుంటే నిండిపోయే గది. మేస్త్రి గుమ్మంలో నిలబడేసరికి అతను లేచి, స్టూలు మీది తీగచుట్ట తీసి, గుడ్డతో దుమ్ము దులిపాడు.

"రండి మేస్త్రిగారూ. కూర్చోండి."

మేస్త్రి కూర్చోలేకపోయాడు. పన్నెండేళ్ళ వయసు నుంచీ ఆ నోటి నుంచి 'బావా' తప్ప ఇంకో పిలుపు వినలేదు. దులిపిన ఆ స్టూలు మీద దుకాణానికొచ్చే ఎవరైనా కూర్చోవచ్చు.

"నాకంతా తెలిసిందిరా. మేడమ్ చెప్పారు. నేను కూడా ఆవిడకి నిజం చెప్పేశాను. తప్పు నాదేనని చెప్పేశాను."

"ఎక్కడ చెప్పారండీ?"

"ఎక్కడంటే... ఆవిడ గదిలో."

"తలుపేసుకునా?"

మేస్త్రి తల వంచుకున్నాడు.

"నన్ను అన్నది షెడ్డులో కదండీ" అన్నాడు చిన్న మేస్త్రి. కోపంగా అనలేదు, ఆరో రెక్క ఎక్కడుందని అడిగినట్టే అడిగాడు. "ఈ సందులో నాకు పని ఇచ్చేముందు ఈ దుకాణం యజమాని షెడ్డుకి ఫోను చేసి కనుక్కున్నాడు. రంగులేసే అతను ఎత్తాడు. మనిషి మంచివాడే గానీ చేతిపని నమ్మకండి అన్నాడట. ఇక్కడ నాకు మోటార్లు విప్పడమే పని, బిగించనివ్వరు." మళ్ళీ కూర్చుని తీగ చుట్టుకోవడం మొదలెట్టాడు. "అక్కకి కంట్లో మందు వేళకి వెయ్యమని చెప్పండి."

మర్నాడు మధ్యాహ్నం ఐదుగురూ భోజనం డబ్బాలు తెరిచి కూర్చున్నారు. యజమానురాలు ఊళ్ళో లేదు. ఒక పడవ ఇంజను అప్పుడే ఆపారు, ఇంకా కాగుతోంది. మేస్త్రి స్టూలు మీంచి లేచి మధ్యలో నిలబడ్డాడు.

"పళ్ళ డాక్టరు పడవ ముంచింది నేను. మా బావమరిది గొట్టాన్ని పెకలించలేదు. మార్చేద్దామన్నాడు, నేనే వద్దన్నాను. నా చెయ్యి చచ్చిపోయి ఏడాది దాటింది. ఆ రోజు నాకేం తెలియలేదు. తెలియకుండానే పంపించు అన్నాను. తర్వాత మీ అందరి ముందూ వాడి మీదకి నెట్టాను."

నోట్లో ముద్ద ఉన్నవాళ్ళు నమలడం ఆపారు. రంగులేసే అతను డబ్బా కింద పెట్టి లేచాడు.

"ఊరుకోండి మేస్త్రిగారూ. మీ బాధ మాకు తెలీదా?"

"బాధ కాదయ్యా, నిజం."

"కన్నకొడుకులా పెంచారు. అతను తప్పు చేసినా మీ ప్రాణం ఒప్పుకోదు. అందుకని మీ మీద వేసుకుంటున్నారు."

"కాదంటుంటే!" అని అరిచాడు మేస్త్రి. వాళ్ళ మొహాల్లో జాలి తప్ప ఇంకేం కనపడలేదు. ఆయన గబగబా వెళ్ళి, కాగుతున్న ఇనప మోచేతి మీద అరచెయ్యి పూర్తిగా ఆనించి, వాళ్ళ వైపు తిరిగి, గట్టిగా లెక్కపెట్టాడు. "ఒకటి. రెండు. మూడు. నాలుగు. చూడండి, తెలుస్తోందా నాకు? ఐదు. ఆరు." చర్మం కాలే వాసన వచ్చింది. నలుగురు పరిగెత్తుకొచ్చి ఆయన్ని వెనక్కి లాగేశారు.

రంగులేసే అతను ఏడుస్తున్నాడు. తన శుభ్రమైన తువ్వాలు చింపి ఆ చేతికి చుట్టాడు. "బావమరిది కోసం చెయ్యి కాల్చుకునే మనిషిని ఎక్కడైనా చూశామురా?" అన్నాడు మిగతావాళ్ళతో. ఆ చేతికి ఎందుకు నొప్పి పుట్టలేదని ఒక్కడూ అడగలేదు. కమ్మీలు అతికే అతను ఆయన్ని రెండు భుజాలూ పట్టుకుని స్టూలు మీద కూర్చోబెట్టాడు. ఒకడు టీ తెచ్చాడు. ఇంత పెద్ద మనసున్న మేస్త్రి దగ్గర పని చెయ్యడం తమ అదృష్టమని అందరూ అన్నారు. ఇలాంటి బావ దొరికినా ఆ చిన్న మేస్త్రికి విలువ తెలియలేదని, ఒక్కసారైనా చూడటానికి రాలేదని కూడా అన్నారు. మేస్త్రి "కాదు" అన్నాడు. వాళ్ళు వినలేదు. ఇంకోసారి "కాదు" అన్నాడు, ఈసారి కొంచెం నెమ్మదిగా.

ఇంటికెళ్ళేసరికి భార్య గుమ్మంలోనే ఉంది. చేతి కట్టు చూసింది. దాని గురించి అడగలేదు.

"అందరి ముందూ చెప్పారా?"

"చెప్పాను."

"ఏమన్నారు?"

"నాది పెద్ద మనసన్నారు. వాడి తప్పు నా మీద వేసుకుంటున్నానన్నారు."

ఆవిడ ఆయన మొహంలోకి చూసింది. నెల రోజుల తర్వాత అలా చూడటం అదే మొదలు. "మరి మీరేమన్నారు?"

మేస్త్రి చెప్పులు విడిచి, కట్టు కట్టిన చేతిని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

"టీ ఇచ్చారు. తాగాను."